"కట్"కు ఎన్ని అర్థాలు? "కట్టు"కు ఎన్ని మిగిలాయి?



మన ముంబయి తెలుగు పేటల్లో ఒక చిన్న ఇంగ్లీషు మాట మీద రెండు రకాల అభిప్రాయాలు తరచుగా వినబడుతుంటాయి. ఆ మాట "కట్". మొదటి అభిప్రాయం పెద్దలది, మన వృత్తిలోని వారు కూడా చాలామంది ఇదే అంటారు: "పిల్లలు ప్రతిదానికీ కట్ కట్ అంటున్నారు, భాష భ్రష్టుపట్టిపోయింది." రెండవ అభిప్రాయం కొందరు తల్లిదండ్రులది: "చూశారా, ఇంగ్లీషులో ఒక్క చిన్న మాటతో ఎన్ని పనులు జరిగిపోతాయో! తెలుగులో అటువంటి మాట ఏది? అందుకే మా పిల్లవాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేశాం."

మొదటివారు ఆ మాటను చూసి భయపడుతున్నారు. రెండవవారు దానిని చూసి మోజుపడుతున్నారు. ఇద్దరూ పొరబడుతున్నారని నా దృఢమైన అభిప్రాయం. పరాయి మాట ఒకటి పది అర్థాలతో వచ్చి చేరినంత మాత్రాన ఏ భాషకూ ముప్పు రాదు. ఆ భాషలోని సొంత మాటకు పది అర్థాలు పోయి ఒక్కటే మిగిలిననాడు ముప్పు వస్తుంది. మన పిల్లల విషయంలో జరుగుతున్నది ఈ రెండవది. దాని మీద ఎవరూ నోరు విప్పడం లేదు.

ముందుగా ఈ "కట్" సంగతి నిదానంగా పరిశీలిద్దాం. కామాఠీపురా గల్లీలోని ఒక తెలుగు పిల్లవాడు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఈ మాటను ఎన్ని విధాలుగా వింటాడో లెక్క వేయండి. కరెంటు పోతే కట్. ఫోను మధ్యలో ఆగిపోతే కట్. తండ్రి పనికి పోని రోజున జీతంలో కట్. గల్లీ మొగలో తాగేది కటింగ్ చాయ్, అనగా నిండు గ్లాసులో సగం. మంగలి దుకాణంలో చేయించుకునేది కూడా కటింగే, కాని అక్కడ సగం చేస్తే ఎవరూ ఒప్పుకోరు! బడికి ఎగనామం పెడితే కట్ కొట్టినట్టు. సంక్రాంతి నాడు ఎదుటివాడి గాలిపటం తెగితే కట్. దర్జీ దగ్గర మిగిలినది కట్ పీసు. థియేటరు ముందు నిలబెట్టినది కటౌట్. కాలేజీ సీటుకు అడ్డం వచ్చేది కటాఫ్. దగ్గరి దారి షార్ట్ కట్. ఊరికి వెళ్ళినప్పుడు తినేది కట్ మిర్చి. స్నేహితుడికి తాను చూసిన సినిమా కథ చెబుతూ, "హీరో రైలెక్కాడు, కట్ చేస్తే అమెరికా" అంటాడు. అక్కడ కట్ అనగా కాలమూ స్థలమూ రెండూ మారిపోవడం.

ఇంకొకటి ఉన్నది. మధ్యవర్తి చాటుగా పుచ్చుకునే వాటా కూడా కట్టే. రోగిని ఫలానా చోటికి పంపినందుకు వైద్యులు పుచ్చుకునే కమీషన్‌కు "కట్ ప్రాక్టీస్" అనే పేరు ఎంతగా స్థిరపడిపోయిందంటే, దానిని అరికట్టే చట్టానికి ముసాయిదా తయారు చేయమని 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీనే వేసింది. వీధిమాట సర్కారు కాగితం ఎక్కిందన్నమాట.

"కట్ లే" అని పిల్లవాడు స్నేహితుడిని తరిమితే మాత్రం అది ఇంగ్లీషు కాదు. హిందీకి "కాట్‌నా", "కట్‌నా" అనే సొంత క్రియలు ఉన్నాయి. ముంబయి వీధిలో ఇంగ్లీషు కట్, హిందీ కట్ కలిసిపోయి తిరుగుతుంటాయి. ఏది ఎక్కడిదో ఆ పిల్లవాడికి తెలియదు, తెలియవలసిన అవసరమూ వాడికి లేదు.

ఇప్పుడు భయపడే పెద్దలను ఒక ప్రశ్న అడుగుతాను. ఆ పిల్లవాడు వాక్యాన్ని ఎలా నిర్మిస్తున్నాడో ఎప్పుడైనా గమనించారా? ఫోను కట్ "అయింది". జీతం కట్ "చేశారు". క్లాసు కట్ "కొట్టాడు". కమీషన్‌గా కట్ "తీసుకున్నాడు". ఇంగ్లీషు వారిది ఒక్క ముక్క మాత్రమే. అయింది, చేశారు, కొట్టాడు, తీసుకున్నాడు అనే క్రియలన్నీ మనవి. వాటి లింగము, వచనము, కాలము అన్నీ తెలుగు వ్యాకరణం ప్రకారమే నడుస్తున్నాయి. తనంతట తానే జరిగితే "అయింది" అని, ఎవరో చేస్తే "చేశారు" అని, ఎగ్గొడితే "కొట్టాడు" అని ఆ పిల్లవాడు ఎక్కడా తప్పకుండా అంటున్నాడు. ఈ భేదాలు ఇంగ్లీషు మాటలో లేవు, తెలుగు క్రియలు ఇచ్చినవి. వాడి నోట తెలుగు బ్రతికే ఉన్నది. కాబట్టి ఆ మాట విన్న వెంటనే బెత్తం తీయకండి. తెలుగు మాట్లాడినందుకు తిట్లు తిన్న పిల్లవాడు ఆ తిట్లు లేని చోటికి, అనగా హిందీలోకో ఇంగ్లీషులోకో, పోతాడు. అక్కడ వాడిని ఎవరూ వెనక్కు పిలవరు.

ఇక మోజుపడే వారి సంగతి. ఇంగ్లీషులో చిన్న మాటలకు అనేక అర్థాలున్న మాట నిజమే. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ ముద్రణలో "సెట్" అనే మూడక్షరాల క్రియకు 430 అర్థభేదాలు ఇచ్చారు. అంత పెద్ద గ్రంథంలో అతి ఎక్కువ చోటు ఆక్రమించినది ఆ చిన్న మాటే. తరువాతి సవరణల్లో "రన్" అనే మాట దానిని మించిపోయింది. వింటే అబ్బురంగానే ఉంటుంది. కాని దీనికి కారణం ఇంగ్లీషు గొప్పతనం కాదు. చిన్నవైన పాత క్రియలు సామాన్యుల చేతిపనుల్లో పుట్టినవి. కోయడం, పెట్టడం, పట్టడం, నిలపడం ప్రతి ఇంటా ప్రతి పూటా జరిగే పనులు. ఎక్కువగా వాడిన మాటకు ఎక్కువ అర్థాలు వస్తాయి. ప్రపంచంలోని ప్రతి భాషలోనూ ఇంతే. "విద్యుచ్ఛక్తి" అనే పెద్ద మాటకు తెలుగులో ఒక్కటే అర్థం. "పడు" అనే చిన్న మాటకు ఎన్ని అర్థాలో చెప్పండి చూద్దాం: వాన పడింది, మాట పడ్డాడు, కష్టపడ్డాడు, వెంటపడ్డాడు, నాకు ఆ కూర పడదు, వాళ్ళిద్దరికీ పడదు! పట్టు, పెట్టు, కొట్టు, తీయు అన్నవన్నీ ఇటువంటివే.

"కట్"కు సమానంగా నిలబడగల మన మాట "కట్టు". రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు, ధ్వని మాత్రమే దగ్గర. అర్థంలో ఒకటి తెంచేది, మరొకటి కలిపేది. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన తెలుగు నిఘంటువు తెరవండి. బహుజనపల్లి సీతారామాచార్యుల వారి 1885 నాటి శబ్దరత్నాకరము తెరవండి. సూర్యరాయాంధ్ర నిఘంటువు తెరవండి. కట్టు అన్న చోట కాసేపు ఆగవలసి వస్తుంది. నిఘంటువులు అందుబాటులో లేకపోతే చాళ్ళలోని ఏ అమ్మమ్మ పక్కనైనా ఒక సాయంకాలం కూర్చోండి.

ఆవును కడతాం. ఇల్లు కడతాం. చీర కడతాం. గాయానికి కట్టు కడతాం. ఫీజు కడతాం, చిట్టీ కడతాం, పందెం కడతాం. లెక్క కడతాం, వెల కడతాం. పాట కడతాం, బాణీ కడతాం. నాటకంలో వేషం కడతాం. కాలికి గజ్జె కడతాం, మెడలో తాళి కడతాం. జనం బారులు కడతారు, పిల్లలు జట్టు కడతారు, పక్షి గూడు కడుతుంది. చలికి నూనె గడ్డ కడుతుంది. చక్కగా చెబితే కళ్ళకు కట్టినట్టు ఉంటుంది, మోసం చేస్తే కనికట్టు అవుతుంది, అబద్ధమైతే కట్టుకథ అవుతుంది. సమాజం పెట్టుకున్న నియమం కట్టుబాటు. అధికారులు విధించేది కట్టడి. చెరువుకు వేసేది కట్ట, నోట్లను చుట్టేదీ కట్ట. ఒక పనికి పూనుకుంటే కంకణం కట్టుకున్నట్టు, ఏమీ చేయకపోతే చేతులు కట్టుకొని కూర్చున్నట్టు.

"కట్టుబడి" అనే మాటను ప్రత్యేకంగా చూడండి. రాళ్ళను ఒకదానిపై ఒకటి పేర్చి సున్నంతోనో సిమెంటుతోనో నిలబెట్టే పని రాతి కట్టుబడి. ఇచ్చిన మాట తప్పకుండా నిలబడడం మాటకు కట్టుబడి ఉండడం. తాపీపనివాడి మాటను నీతికి వాడుకున్న భాష మనది. ఇంగ్లీషు "కట్"లో ఇటువంటిది వెదికినా దొరకదు.

ఈ మాట ముంబయి తెలుగువారికి మరీ దగ్గరిది. ఎందుకో చెబుతాను. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. 18వ శతాబ్ది చివరి భాగంలో మహాలక్ష్మి, వర్లీల మధ్య సముద్రానికి హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట వేశారు. దానితో లోపలి పల్లపు భూములు క్రమంగా నివాసయోగ్యమయ్యాయి. అటువంటి భూమిలో నిజాము రాజ్యపు తెలంగాణ ప్రాంతాల నుండి వచ్చిన కూలీలు, మేస్త్రీలు గుడిసెలు వేసుకున్నారు. వారిని మరాఠీవారు కామాఠీలన్నారు. వారున్న చోటు కామాఠీపురా అయింది. ఈ నగరపు రోడ్లు, రేవులు, పెద్ద పెద్ద రాతి భవనాలు లేచిన కాలంలో తట్ట మోసిన చేతుల్లో, తాపీ పట్టిన చేతుల్లో వారి చేతులున్నాయి.

కూలీలే కాదు, కాంట్రాక్టర్లు కూడా వారిలో ఉండేవారు. జోతీరావ్ ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన వారిలో జాయా కరాడి లింగు, వ్యంకూ కాలేవార్, రామయ్య అయ్యవారు వంటి తెలుగువారు ప్రముఖులు. శూద్రుల పిల్లలకు, అతిశూద్రుల పిల్లలకు, ఆడపిల్లలకు చదువు కావాలని జీవితమంతా పోరాడిన ఫూలేకు తోడు నిలిచినది ఇళ్ళు కట్టే వృత్తిలోని మన పెద్దలు! ఈ సంగతి మన పిల్లలలో ఎంతమందికి చెప్పాం?

తరువాతి తరాల్లో నేతపనివారు వచ్చారు. తెలంగాణ పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ మిల్లుల్లో సాంచాల మీద నిలబడ్డారు. 1920 తరువాత బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో 207 చాళ్ళు కట్టింది. బీడీడీ చాళ్ళంటే అవే. అక్కడి ఒంటిగది ఇళ్ళలో మరాఠీ కుటుంబాల పక్కనే తెలుగు కుటుంబాలూ కాపురాలు చేశాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మె తరువాత మిల్లులు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. ఆ ఇళ్ళలో "జీతం కట్" అన్న మాట అప్పటి నుండి ఎవరికీ వేళాకోళంగా వినబడలేదు.

ఈ పెద్దల జీవితాన్ని ఏ మాటల్లో చెబుతారో ఆలకించండి. కట్టుబట్టలతో ఊరు విడిచి వచ్చారు. కడుపు కట్టుకొని పైసా పైసా కూడబెట్టారు. చిట్టీలు కట్టారు. పిల్లల ఫీజులు కట్టారు. పరాయి వాళ్ళకు మేడలు కట్టారు. ఊళ్ళో ఒక చిన్న ఇల్లు కట్టుకోవాలని కలలు కన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాయనమ్మ తన మనుమడితో, "నేను కడుపు కట్టుకొని మీ నాయనను చదివించినాను బిడ్డా" అంటుంది. ఈనాడు మన చాళ్ళలోని పిల్లలలో చాలామందికి ఆ వాక్యం బోధపడదు. కడుపుకు గుడ్డ చుట్టుకున్నదేమో అనుకుంటారు. ఆమె తినవలసిన అన్నం తినకుండా దాచి పెట్టిందని, ఆ అన్నమే తన తండ్రి పుస్తకాలయిందని, తాను ఈ రోజు నిలబడిన నేల అదేనని ఆ పిల్లవాడికి తెలియదు. ఆమె తన జీవితంలోని అతి పెద్ద విషయం చెప్పింది, వాడు వినలేదు. వాడి చెవులు బాగానే ఉన్నాయి. "కట్" అనే మాట వాడి నోట ఉన్నందువల్ల కూడా ఇది జరగలేదు. "కట్టు" అనే మాటకు వాడి దగ్గర ఒక్క అర్థమే ఉన్నందువల్ల జరిగింది.

ఆ ఒక్క అర్థం ఎక్కడిది? మార్కెట్లో దొరికే గైడుల్లోని పదాలు–అర్థాలు పట్టికలోనిది. "కట్టు = బంధించు." అంతే! పరీక్షలో అది రాస్తే మార్కు వస్తుంది. చిత్రమేమిటంటే, "కట్టు" అన్న మాట పిల్లవాడికి ఇంట్లో దొరకగలదు, "బంధించు" అన్నది దొరకదు. ఇంట్లో దొరికే జీవమున్న మాటకు, ఇంట్లో లేని సంస్కృతపు మాటను అర్థంగా అంటగట్టి, మిగిలిన ఇరవై అర్థాలను గుమ్మం బయట నిలబెట్టే పద్ధతి ఇది. దీనిని భాషాబోధన అనవచ్చునా? ఇంగ్లీషు పాఠంలో "కట్"కు ఏ సందర్భంలో ఏ అర్థమో వాక్యాలతో నేర్పుతారు. తెలుగు పాఠంలో "కట్టు"కు సమానార్థకం ఒకటి రాసి ముందుకు పోతారు. ఇది చూసిన పిల్లవాడు ఇంగ్లీషు విశాలమైనదని, తెలుగు ఇరుకైనదని అనుకుంటే ఆ తప్పు వాడిది కాదు.

తల్లిదండ్రులారా, మీతో కూడా ఒక మాట. ఫీజు "పే చేశాం", ఇల్లు "కన్‌స్ట్రక్ట్ చేస్తున్నారు", చీర "వేర్ చేసింది", గాయానికి "బ్యాండేజీ వేశాం". ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ నేరం కాదు. అవసరాన్ని బట్టి పరాయి మాటలు ఎవరైనా వాడతారు. కాని ఈ నాలుగూ కలిసి "కట్టు" అనే ఒక్క మాటను నాలుగు వైపుల నుండి ఖాళీ చేస్తున్నాయి. నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకున్న పిల్లవాడికి, వాటన్నిటినీ కలిపి పట్టుకునే ఒక్క తెలుగు మాట పోయింది. కూలికి పోయి ఫీజు కట్టడం, రాయి మీద రాయి పెట్టి ఇల్లు కట్టడం, పెళ్ళినాడు చీర కట్టడం ఒకే మాటలో ఎందుకు ఇమిడాయో వాడు ఎన్నడూ ఆలోచించడు. ఇంగ్లీషు నేర్పవద్దని నేను అనడం లేదు. బ్రతుకు తెరువుకు అది కావాలి, బాగా నేర్పించండి. ఇంట్లో మాత్రం ఫీజు కట్టండి, పే చేయకండి. దానికి ఖర్చేమీ కాదు.

మాటకు ఒక్క అర్థమే మిగిల్చితే ఎంత కీడు జరుగుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. మన పేట పేరే చాలు. కామాఠీపురా అంటే కట్టేవాళ్ళ ఊరు. అందులో కూలీలున్నారు, బీడీలు చుట్టినవారున్నారు, దర్జీలున్నారు, గుళ్ళున్నాయి, బోనాలున్నాయి, బతుకమ్మ ఉన్నది, బడికి పోయే పిల్లలున్నారు. కాని లోకం నోట ఆ పేరుకు ఒక్క అర్థమే మిగిలింది. ఆ అర్థం చెప్పనక్కరలేదు, అందరికీ తెలుసు. అక్కడ ఆ జీవితం గడిపే స్త్రీలను నేను కించపరచను. వారిలో ఎందరో మన తెలుగు నేల నుండి మోసపోయి వచ్చినవారు. వారి పిల్లలూ మన పిల్లలే. కాని ఒక ఊరి చరిత్ర అంతటినీ ఒక్క అర్థంలోకి నొక్కిపెడితే, ఆ ఊరి పిల్లలు చిరునామా చెప్పడానికి సిగ్గుపడతారు. 2022లో విడుదలైన గంగూబాయి కాఠియావాడీ చిత్రం విషయంలో తమ పేట పేరు కోసం ఇక్కడివారు బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయితే కోర్టు ఒక పేరుకు పోయిన అర్థాలను తిరిగి ఇవ్వలేదు. బడి ఇవ్వగలదు. కామాఠీ ఎవరు, ఏమి కట్టాడు అని పిల్లలకు చెప్పవలసిన చోటు తెలుగు తరగతి. ఆ తరగతే లేకపోతే ఎవరు చెబుతారు?

ఆ తరగతి మిగలడం కూడా సందేహంగానే ఉన్నది. బృహన్ముంబయి మునిసిపల్ కార్పొరేషన్ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, తమిళం, కన్నడంతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిన సంస్థ. ఇన్ని భాషల్లో చదువు చెప్పిన నగరాలు దేశంలో అరుదు. దానికి మనం కృతజ్ఞులం. కాని తెలుగు తరగతుల్లో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారన్నది మనకందరికీ కనబడుతున్నదే. పిల్లలు తగ్గితే ఉపాధ్యాయులు తగ్గుతారు, ఉపాధ్యాయులు తగ్గితే తరగతులు కలుపుతారు, తరగతులు కలిపితే ఉన్న పిల్లలూ పోతారు. "కట్" అన్న మాటకు అన్నిటికంటే ప్రమాదకరమైన అర్థం పిల్లల వీధి యాసలో లేదు. కార్యాలయాల దస్త్రాల్లో ఉన్నది. దాని మీద మన పెద్దలు పిల్లలను తిట్టినంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.

మాట్లాడడానికి ఆధారాలు లేకపోలేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350–ఏ అధికరణం చెబుతోంది. అది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ విభాగం వీలైనంత వరకు పిల్లవాడి మాతృభాషలోనే బోధించమంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదవ తరగతి దాకా ఇంటిభాషను సమర్థిస్తోంది. ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకొని, మీ చాలులోని పదిమంది తల్లిదండ్రుల సంతకాలతో వార్డు కార్యాలయానికి వెళ్ళండి. 2025లో మూడవ భాషగా హిందీ ఉత్తర్వుల మీద మరాఠీవారు ఎంత పట్టుదలగా నిలబడ్డారో, ప్రభుత్వం ఆ ఉత్తర్వులను ఆ జూన్ నెలలోనే ఎలా వెనక్కు తీసుకున్నదో మన కళ్ళ ముందే జరిగింది. తమ పిల్లల భాష కోసం అడిగేవాళ్ళను ఈ రాష్ట్రం తప్పుపట్టదు. మనం మరాఠీ నేర్చుకోవాలి, గౌరవించాలి, దానితో పాటు తెలుగు అడగాలి. ఈ రెండింటికీ వైరం లేదు.

వైరం లేదనడానికి "కట్టు"లోనే ఒక నిదర్శనం ఉన్నది. పోలెలు చేసిన నాడు ఉడికిన శనగపప్పు నుండి వంచిన నీటిని మనం కట్టు అంటాం. దానితో కాచేది కట్టుచారు. పక్కింటి మరాఠీ తల్లి పురణ్‌పోళీ చేసిన నాడు అదే నీటిని "కట" అంటుంది. ఆమె కాచేది "కటాచీ ఆమ్టీ". గోడ ఒకటే, పండుగ ఒకటే, మాటలో ఒక్క అక్షరం తేడా! ఈ ఒక్క సంగతి తరగతిలో చెప్పి చూడండి. మరునాడు పిల్లలు రెండు భాషల్లోనూ పది మాటలు వెదికి పట్టుకొస్తారు.

ఉపాధ్యాయ మిత్రులారా, నేను కోరేది పెద్ద పనేమీ కాదు. నల్లబల్ల మీద ఒకవైపు "కట్" అని, మరొకవైపు "కట్టు" అని రాయండి. పిల్లలకు తెలిసిన "కట్" అర్థాలన్నీ వారినే చెప్పమనండి. యాసమాట వచ్చినా వారించకండి, రాయండి. ఏది ఎవరి ముందు అనవచ్చునో, ఏది అనకూడదో కూడా అక్కడే చెప్పండి. నాలుగు గోడల మధ్య గురువు ముందు చర్చకు వచ్చిన యాసకు సగం కొంటెతనం పోతుంది. తరువాత "కట్టు" వైపు చూపించి, "ఇవి ఎన్ని ఉన్నాయో ఇంట్లో అడిగి రండి" అనండి. తల్లిని, నాయనమ్మను, పక్కింటి తాతను అడగాలి. గైడు చూడకూడదు. మరునాడు వచ్చిన ప్రతి అర్థాన్ని ఒక వాక్యంతో సహా రాయించండి. "కట్టు = బంధించు" అని కాదు, "మా నాయనమ్మ కడుపు కట్టుకొని మా నాయనను చదివించింది" అని రాయించండి. ఏ గల్లీలోని పిల్లవాడైనా ఆ వాక్యం రాసిన తరువాత నాయనమ్మను చూసే చూపు మారుతుంది.

ఈ పని ఇప్పుడే చేయాలి. ఎందుకంటే మన చాళ్ళు ఎంతోకాలం ఉండవు. వర్లీ బీడీడీ చాళ్ళ స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. కామాఠీపురా పాత భవనాల పునర్నిర్మాణం కూడా మ్హాడా చేతుల్లో ఉన్నది. మంచిదే, కారే పైకప్పు కింద ఎవరు ఉండమంటారు? కాని చాలులో వరండా ఉన్నది, పొరుగువాళ్ళు ఉన్నారు, సాయంకాలం ముసలివాళ్ళ మాటలు పిల్లల చెవిన పడేవి. కొత్త ఇళ్ళకు తలుపులుంటాయి, అవి మూసే ఉంటాయి. అక్కడ తెలుగు దానంతట అది పిల్లలకు చేరదు. ఎవరో ఒకరు పూనుకొని చేర్చాలి.

పిల్లల నోట "కట్" వినబడితే నవ్వి ఊరుకోండి. "కట్టు" వినబడకపోతే మాత్రం ఊరుకోకండి. రేపటి నుండి మీ తరగతిలో ఈ ఒక్క మాటతో మొదలుపెట్టండి. ఎన్ని అర్థాలు వచ్చాయో నాకు కూడా తెలియజేయండి.